పేరు పలక ఉన్న చెట్లు

సింగపూరు వెళ్లే తెలుగు కుటుంబాల ప్రయాణ పట్టికలో ఏముంటాయో ఒకసారి వెళ్లొచ్చినవాళ్లని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతారు. సెంటోసా దీవి, యూనివర్సల్ స్టూడియోస్, నైట్ సఫారీ, మెర్లయన్ ముందు ఫొటో, చివరి రోజున ముస్తఫా సెంటర్లో కొనుగోళ్లు. మొక్కల మీద మోజున్నవాళ్లకు 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బే ఉంది. అక్కడి ఉక్కు చెట్లు చీకటి పడ్డాక పాటకు తగ్గట్టు రంగులు మారుస్తాయి. 1859 నుంచి ఊరి నడుమ ఉన్న అసలు బొటానిక్ గార్డెన్స్ మాత్రం చాలా పట్టికల్లో కనపడదు. 82 హెక్టార్ల ఆ తోటకు ప్రవేశ రుసుము లేదు. టికెట్టు లేని చోట కమిషనూ ఉండదు కాబట్టే ఇలా జరుగుతోందని నా అనుమానం.

తెల్లవారుజామున 5 గంటలకే గేట్లు తీస్తారు, అర్ధరాత్రికి గానీ మూయరు. పొద్దున్నే పరుగులు తీసేవాళ్లు, చెట్ల కింద తాయ్ చీ చేసే పెద్దవాళ్లు, చెరువు గట్టున చాపలు పరిచి టిఫిన్ డబ్బాలు విప్పే కుటుంబాలు, పెళ్లి ఫొటోల జంటలు. ఆదివారం సాయంత్రం చూస్తే ఇదొక పెద్ద పార్కు, అంతే అనిపిస్తుంది. కాదని తెలియాలంటే చెట్ల మొదళ్ల వైపు చూడాలి. అక్కడ చిన్న పలక ఉంటుంది. దాని మీద మొక్క శాస్త్రీయ నామం, కుటుంబం, పుట్టిన దేశం రాసి ఉంటాయి. కార్యాలయంలో ఆ పలకకు సంబంధించిన పెద్ద చిట్టా మరొకటి ఉంటుంది. ఈ మొక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏ తేదీన తెచ్చారు, గింజగా వచ్చిందా అంటుగా వచ్చిందా అన్నది అందులో రాస్తారు. పార్కులో మొక్క చస్తే ఇంకోటి నాటుతారు. ఇక్కడ ముందు చిట్టాలో ఆ సంగతి రాసి, ఆ తర్వాతే గునపం పట్టుకుంటారు. పిల్లలు గంతులేసే మూల, టికెట్టు కొని చూసే పూలతోట, ఫొటోలకు ఎగబడే చెట్టు, వీటిలో దేని వెనక చూసినా ఎవరో ఒక ప్రశ్న వేసుకుని, లెక్క రాసుకుంటూ జవాబు వెతికిన జాడ కనిపిస్తుంది.

ఈ కథను సామర్లకోట దగ్గర మొదలుపెట్టవచ్చు. స్కాట్లండ్ నుంచి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు 1780లలో ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడ ఉండేవాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు గోదావరి మట్టిలో ఎలా పెరుగుతాయో నాటి చూసేవాడు. స్థానిక చిత్రకారుల చేత కోస్తా మొక్కల బొమ్మలు వేయించి, వాటికి తెలుగు పేర్లు కూడా నమోదు చేసుకునేవాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అధిపతిగా వెళ్లాడు. కొన్నేళ్లకు అదే కుర్చీలో కూర్చున్న నథానియల్ వాలిచ్ 1822లో ఆరోగ్యం కుదుటపరుచుకోవడానికి సింగపూరు వెళ్లి, ఆ రేవును స్థాపించిన రాఫిల్స్‌ను కలిశాడు. ఇద్దరికీ మొక్కల పిచ్చే. ఇప్పుడు ఫోర్ట్ కానింగ్ అని పిలిచే గుట్ట మీద జాజికాయ, లవంగం, కోకో పెంచే ప్రయోగపు తోట ఆ ఏడే మొదలైంది. అది లాభాలు తేలేదు. ఖర్చు దండగని 1829లో మూసేశారు.

1859లో రెండోసారి పెట్టిన తోట ప్రయోగాల కోసం పెట్టింది కాదు. ఒక ఉద్యాన సంఘం తన సభ్యుల షికారు కోసం టాంగ్లిన్ ప్రాంతంలో వేయించుకుంది. లారెన్స్ నివెన్ దారులు తీర్చాడు. 1866లో చెరువు తవ్వారు. పూల ప్రదర్శనలు పెట్టారు, బ్యాండు వాయించారు, చివరికి అప్పుల పాలయ్యారు. 1874లో ప్రభుత్వం తోటను తీసుకుంది. ఆ మరుసటి ఏడు ఒక జంతుప్రదర్శనశాల కూడా చేర్చారు, అది కొన్ని దశాబ్దాలు నడిచింది. అంటే ఈ తోటలో వినోదం ముందొచ్చింది, విజ్ఞానం వెనక వచ్చింది. శాస్త్రం పవిత్రమైనదని, పిల్లల ఆటస్థలాలు పెట్టి దాన్ని పలచన చేస్తున్నారని వాపోయేవాళ్లు ఈ వరస గమనించాలి.

విజ్ఞానం ఒక్కసారిగా ఎలా వచ్చిపడిందో చెప్పాలంటే, సందర్శకులు ఆగకుండా దాటిపోయే ఒక చెట్టు దగ్గర ఆగాలి. మూడేసి ఆకుల రెమ్మలు, బూడిదరంగు బెరడు, చూడటానికి ఏ ప్రత్యేకతా లేని రబ్బరు చెట్టు. పుట్టిల్లు అమెజాన్ అడవి. 1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు అక్కడి నుంచి 70,000 గింజలు పోగుచేసి లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కు చేర్చాడు. రబ్బరు గింజలో నూనె ఎక్కువ. చెట్టు నుంచి రాలిన కొన్ని వారాలకే మొలకెత్తే శక్తి పోతుంది. ఓడ ప్రయాణం తట్టుకుని మొలిచినవి సుమారు 2,400, అంటే నూటికి నాలుగు కూడా కావు. వాటిలో ఎక్కువ భాగం సిలోన్‌కు పంపారు. 1877లో 22 మొలకలు సింగపూరు చేరాయి. కొన్ని ఈ తోటలో, కొన్ని మలయాలో నాటారు. ఆ తర్వాత పదేళ్లపాటు వాటిని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

1888లో హెన్రీ రిడ్లీ వచ్చాడు. తోటకు మొదటి శాస్త్రీయ అధిపతి ఆయనే. అప్పటికి రబ్బరు తీసే పద్ధతి బ్రెజిల్ అడవిలో మోటుగా ఉండేది. గొడ్డలితో బెరడు నరికి, కారిన పాలు పట్టుకునేవారు. గాట్లు మానేవి కావు, చెట్టు దెబ్బతినేది. అడవిలో చెట్లకు కరువు లేదు కాబట్టి అక్కడ చెల్లిపోయింది. తోట వేసుకున్న రైతుకు అది కుదరదు. చెట్టును చంపకుండా ఏళ్ల తరబడి పాలు తీయడం ఎలా అన్నది రిడ్లీ ముందున్న ప్రశ్న.

జవాబు చెట్టు కాండంలోనే ఉంది. బయట నుంచి లోపలికి వెళితే ముందు ఎండిన పైబెరడు, తర్వాత మెత్తని లోబెరడు, దాని కింద కంటికి ఆనని సన్నని పొర, ఆ లోపల కలప. ఆ సన్నని పొరే కేంబియం. ఏటా బయటివైపు కొత్త బెరడును, లోపలివైపు కొత్త కలపను పుట్టించేది అదే. దాన్ని గాయపరిస్తే బెరడు మళ్లీ సాఫుగా రాదు. పాలు ప్రవహించే సన్నని గొట్టాలు మాత్రం లోబెరడులో, కేంబియానికి కొద్దిపాటి దూరంలోనే దట్టంగా ఉంటాయి. అందువల్ల కత్తి పాల గొట్టాలను తెంపాలి, కేంబియాన్ని తాకకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. రిడ్లీ నరకడం మాన్పించి గీయించాడు. చేపముల్లు ఆకారంలో వాలుగా గాడి తీసి, తర్వాత వచ్చినప్పుడు కొత్త గాటు పెట్టకుండా అదే గాడి అంచున పలచటి పొర చెక్కడం ఆయన కనిపెట్టిన ఉపాయం. ఎండి మూసుకుపోయిన గొట్టాల నోళ్లు తెరుచుకుని పాలు మళ్లీ కారతాయి. గీసిన మేర కింద కేంబియం క్షేమంగా ఉంటుంది కాబట్టి కొన్నేళ్లలో కొత్త బెరడు వస్తుంది, దాన్నీ గీయవచ్చు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ గొట్టాలు నిట్టనిలువుగా ఉండవు, కొద్దిగా కుడికి వాలి మెలికగా పైకెక్కుతాయి. అందుకని గీత ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి దిగితే ఎక్కువ గొట్టాలు తెగుతాయి, పాలు ఎక్కువ వస్తాయి. ఇప్పటికీ రబ్బరు తోటల్లో గీత అలాగే ఉంటుంది. పని తెల్లవారకముందే మొదలవుతుంది. రాత్రంతా ఆకుల నుంచి నీరు ఆవిరి కాక కణాలు నిండుగా ఉబ్బి ఉంటాయి, ఆ ఒత్తిడికి పాలు జోరుగా వస్తాయి. ఎండెక్కితే ఒత్తిడి తగ్గుతుంది.

అప్పట్లో మలయా తోటల యజమానులకు కాఫీ మీదే నమ్మకం. రిడ్లీ వాళ్ల కోటు జేబుల్లో రబ్బరు గింజలు కుక్కి పంపేవాడని, అందుకే ఆయనకు పిచ్చి రిడ్లీ అని పేరొచ్చిందని చెబుతారు. మొదట మాట విన్న పెద్ద రైతు మలక్కాకు చెందిన టాన్ చే యాన్, 1896లో. తర్వాత కాఫీ ధర పడింది, తెగులు తగిలింది, మోటారు కార్లు వచ్చి టైర్లకు గిరాకీ పెరిగింది. 1917 నాటికి ఈ తోట నుంచి బయటికి వెళ్లిన రబ్బరు గింజలు 70 లక్షలు దాటాయి. 1920 నాటికి ప్రపంచపు రబ్బరులో సగం మలయాదే. రిడ్లీ మాత్రం నూరేళ్లు నిండేదాకా బతికి 1956లో పోయాడు.

ఆ తోటల్లో గీసిన చేతులు ఎవరివి? ఎక్కువమంది తమిళులు. వాళ్లతో పాటు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి కంగాణీల (కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీల) వెంట ఓడెక్కిన తెలుగువాళ్లు. మలేసియాలోని పేరాక్ రాష్ట్రంలో రబ్బరు, కొబ్బరి ఎస్టేట్ల దగ్గర స్థిరపడిన తెలుగు కుటుంబాల మూలాలు అక్కడివే. కేంబియం తాకకుండా మిల్లీమీటరు ఎడంలో కత్తి నడిపే నేర్పు పుస్తకంలో రిడ్లీ పేరు మీద ఉంది. చీకట్లో దివిటీ పట్టుకుని రోజుకు కొన్ని వందల చెట్లు గీసిన నేర్పు వీళ్లది.

మరి రబ్బరు చెట్టు పుట్టింటి సంగతి? బ్రెజిల్ తన చెట్టుతో తనే తోటలు వేసుకోలేకపోయింది. అమెజాన్ ప్రాంతంలో రబ్బరు ఆకును మాడ్చే ఒక శిలీంధ్రం ఉంది. అడవిలో ఒక రబ్బరు చెట్టుకూ ఇంకో దానికీ మధ్య వేరే జాతుల చెట్లు ఎన్నో ఉంటాయి కనుక తెగులు తేలిగ్గా పాకదు. వరసగా రబ్బరే నాటితే చెట్టు నుంచి చెట్టుకు అంటుకుపోతుంది. 1928లో హెన్రీ ఫోర్డు తపాజోస్ నది ఒడ్డున ఒక ఊరే కట్టించి రబ్బరు తోట వేశాడు. తెగులుకు ఓడి, ఆయన కంపెనీ 1945లో అదంతా బ్రెజిల్ ప్రభుత్వానికి అమ్మేసింది. ఆసియాకు గింజలు వచ్చాయి, శిలీంధ్రం రాలేదు. ఆగ్నేయాసియా రబ్బరు మొత్తం ఆ అదృష్టం మీద నడుస్తోంది. ఇక్కడి చెట్లు ఎక్కువగా ఆ కొద్ది మొలకల సంతతే కాబట్టి, ఆ తెగులు ఏనాడైనా సముద్రం దాటితే తట్టుకునే వైవిధ్యం వాటిలో తక్కువ. దక్షిణ అమెరికా నుంచి వచ్చే మొక్కల మీద మలేసియా కట్టుదిట్టమైన నిఘా పెట్టడానికి ఇదే కారణం.

రబ్బరును వదిలి దక్షిణపు వైపు నడిస్తే, చెక్కబాట ఒక చీకటి గుబురులోకి తీసుకెళ్తుంది. ఆరు హెక్టార్ల వర్షారణ్యం. దీన్ని ఎవరూ నాటలేదు. తోట కన్నా ముందునుంచీ ఉన్న అడవి ముక్క ఇది. 19వ శతాబ్దంలో సింగపూరు అడవిలో చాలాభాగం గాంబియర్ సాగుకు పోయింది. ఆ ఆకును ఉడకబెట్టి తీసే సారాన్ని తోలు పదును చేయడానికి వాడేవారు, తాంబూలంలో మన కాచులా కూడా వేసుకునేవారు. ఆకు ఉడికించడానికి కట్టెలు కావాలి, ఆ కట్టెల కోసం పక్క అడవీ పోయేది. దీవిలో మనిషి చెయ్యిపడని అడవి ఇప్పుడు అర శాతం కూడా లేదు. ఈ ఆరు హెక్టార్లలోనే మూడు వందలకు పైగా జాతులున్నాయి.

లోపల అడుగుపెట్టగానే వేడి తగ్గినట్టు అనిపిస్తుంది. నీడ ఒక్కటే కారణం కాదు. ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఇక్కడి ఆకుల కొసలు చూడండి, చాలావాటికి పొడుగాటి మొన ఉంటుంది. రోజూ వాన పడే చోట ఆకు మీద నీరు నిలిస్తే నాచు పట్టి వెలుతురు అందదు, ఆ మొన నీటిని జార్చేస్తుంది. మన రావి ఆకు కొసకు ఉన్నదీ అలాంటి మొనే.

అడవి బయట పచ్చిక మీద ఒక టెంబుసు చెట్టు ఉంది. సింగపూరు అయిదు డాలర్ల నోటు వెనక బొమ్మ ఈ చెట్టుదే. నేలకు సమాంతరంగా సాగిన దాని కింది కొమ్మ మీద తరాల పాటు పిల్లలు, ప్రేమికులు కూర్చున్నారు. ఇప్పుడు కంచె వేశారు. ఈ జాగ్రత్త ఊరికే వచ్చింది కాదు. 2017 ఫిబ్రవరిలో ఇదే తోటలో ఇంకో టెంబుసు, 270 ఏళ్ల నాటిదని అంచనా వేసినది, కూలి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. పచ్చగా ఉన్న చెట్టు ఎలా కూలుతుందని చాలామందికి ఆశ్చర్యం. ముసలి చెట్టు లావులో బతికున్న భాగం బయటి పొరలే. లోపలి చేవలో ప్రాణమున్న కణాలు ఉండవు, అది బరువు మోయడానికే. అది కుళ్లినా, గుల్లబారినా, బయట నీళ్లు మోసే పొరలు బాగున్నంత కాలం ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి. వేళ్లలో తెగులుదీ ఇదే పద్ధతి. అందుకే పెద్ద చెట్ల లోపలి స్థితి చూడటానికి ధ్వని తరంగాలతో పనిచేసే పరికరాలు వాడతారు. ఆకులు చూసి చెట్టు ఆరోగ్యం చెప్పడం ఒక్కోసారి కుదరదు.

తోటలో టికెట్టు అడిగే ముఖ్యమైన చోటు నేషనల్ ఆర్కిడ్ గార్డెన్, 1995లో తెరిచారు. వెయ్యికి పైగా అడవి జాతులు, రెండు వేలకు పైగా సంకరాలు. డబ్బు పెట్టి చూడాల్సిందేనా అని అడిగితే, నా మటుకు నేను అవుననే అంటాను, అయితే రంగులకోసం కాదు. ఆర్కిడ్ గింజ ఎంత చిత్రమైనదో తెలుసుకుని వెళితే అక్కడ కనపడేది వేరు.

కంది గింజైనా, కొబ్బరికాయైనా పిల్లమొక్కకు తల్లి చద్దిమూట కట్టి పంపుతుంది. ఆకు విప్పి సొంతంగా వండుకునేదాకా ఆ మూటే ఆధారం. ఆర్కిడ్ ఏ మూటా కట్టదు. ఒక్క కాయలో లక్షల గింజలు, జాతిని బట్టి ఇంకా ఎక్కువ. గింజ అంటే ఒక పలచని తిత్తి, లోపల కొన్ని కణాలు. గాలికి ధూళిలా ఎగురుతాయి. ఎగిరి ఏ కొమ్మ మీదో పడ్డాక తమంతట తాము పెరగలేవు. సరైన శిలీంధ్రం ఒకటి లోపలికి చొరబడాలి. ఆర్కిడ్ పిండం దాని పోగులను అరిగించుకుని చక్కెర సంపాదిస్తుంది. లక్షల్లో ఏ ఒకటో రెండో ఇలా బతుకుతాయి. 19వ శతాబ్దపు తోటమాలులు ఆర్కిడ్ గింజలు చల్లి చల్లి విసిగిపోయింది ఇందుకే.

1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రవేత్త శిలీంధ్రం అక్కర్లేకుండానే గింజ మొలిపించవచ్చని చూపించాడు. సీసాలో అగార్ జిగురు పోసి, అందులో చక్కెర, లవణాలు కలిపి, క్రిములు లేకుండా మూత బిగిస్తే చాలు. ఈ తోట అధిపతి ఎరిక్ హోల్టమ్ 1928లో ఆ పద్ధతి పట్టుకుని సంకరాలు చేయడం మొదలుపెట్టాడు. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటించి, కాయ పండేదాకా ఆగి, గింజల్ని సీసాలో వేసి, మొలకల్ని కుండీల్లోకి మార్చి, మొదటి పువ్వు చూడటానికి ఏళ్లు పట్టేది. ఎవరి పుప్పొడి ఎవరికి పెట్టామో ఆనాడు రాసుకోకపోతే ఆ ఏళ్లన్నీ వృథా. పెళ్లి సంబంధాలకు గోత్రాలు చూసే మనవాళ్ల కన్నా కచ్చితంగా ఉంటుంది ఆర్కిడ్ వంశావళి. ప్రపంచంలో ఎవరు కొత్త సంకరం చేసినా లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పట్టీలో తల్లీతండ్రీ పేర్లతో నమోదు చేయిస్తారు.

సింగపూరు జాతీయ పుష్పం వాండా మిస్ జోకిమ్ కూడా సంకరమే. ఆగ్నెస్ జోకిమ్ అనే ఆర్మేనియన్ మహిళ తోటలో పూసిన ఈ పువ్వును రిడ్లీ 1893లో పరిశీలించి, వర్ణన రాసి ప్రచురించాడు. రెండు జాతుల మధ్య ఆమె కావాలని సంకరం చేసిందని రిడ్లీ రాశాడు. తర్వాతి తరాల వాళ్లు కొందరు, తేనెటీగ పని అయి ఉంటుంది, ఆమె చూసి పట్టుకుంది అంతే అన్నారు. సొంత తోటలో పనిచేసిన ఆడమనిషికి ఆ ఘనత ఇవ్వడానికి మనసొప్పకపోవడం తప్ప రిడ్లీ మాటను కొట్టేయడానికి నాకు బలమైన కారణం కనపడదు. 1981లో దాన్ని జాతీయ పుష్పం చేశారు.

గొప్ప అతిథుల పేర్లు కొత్త సంకరాలకు పెట్టే ఆచారం 1950లలో మొదలైంది. మార్గరెట్ థాచర్‌కు ఒకటుంది, నెల్సన్ మండేలాకు ఒకటుంది. 2018లో భారత ప్రధాని నరేంద్ర మోదీ వచ్చినప్పుడు ఒక డెండ్రోబియం ఆర్కిడ్‌కు ఆయన పేరు పెట్టారు. మన పర్యాటకులు ఎక్కువసేపు నిలబడేది ఆ వరస దగ్గరే. నాకు ఇంకా గొప్పగా అనిపించేది బయట, టికెట్టు లేకుండా ఉంది. 1861లో నాటిన టైగర్ ఆర్కిడ్ అది. కుదురు అడ్డంగా అయిదు మీటర్లకు పైగా ఉంటుంది. ఆర్కిడ్లలో ఇంతకంటే పెద్దగా పెరిగే మొక్క లేదు. సింగపూరులో సహజంగా ఉండిన ఆర్కిడ్లలో చాలా జాతులు అడవులతో పాటే పోయాయి. 1990ల నుంచి వాటిని ఇదే సీసా పద్ధతిలో పెంచి, నగరం వీధుల్లోని చెట్ల కొమ్మలకు కట్టి మళ్లీ నిలబెడుతున్నారు. ఆర్కిడ్ చెట్టు కొమ్మ మీద కూర్చుంటుందే గానీ దాని రసం పీల్చదు, కాబట్టి వీధి చెట్టుకు నష్టం లేదు.

జింజర్ గార్డెన్ తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేని చోటు కావాలి, కానీ అక్కడే ఎక్కువ ఆశ్చర్యపోతారు. అల్లం, పసుపు, యాలకులు, దుంపరాష్ట్రం, వంటింట్లోనో మందుల దుకాణంలోనో చూసినవన్నీ ఒకే కుటుంబమని తెలిసినా, వాటికి ఇంత అందమైన పూలుంటాయని ఎవరూ అనుకోరు. పువ్వులో మనం రేకు అనుకునే పెద్ద భాగం నిజానికి రేకు కాదు. పుప్పొడి చేయడం మానేసిన కేసరాలు కలిసిపోయి రేకు వేషం వేశాయి. అసలు పని చేసే కేసరం ఒక్కటే మిగిలింది. పక్కనే వీటి దూరపు చుట్టం అరటి. దాని బోదె కాండం కాదని, ఆకుల అడుగుభాగాలు ఒకదాన్నొకటి చుట్టుకుని నిలబడ్డ స్తంభమని బడిలో చదువుకున్నాం. మరి అసలు కాండం ఏది? చాలావరకు నేలలో దుంపగా ఉంటుంది. గెల వేసే సమయంలో అది బోదె మధ్య నుంచి పైకి పొడుచుకొస్తుంది. మనం తరిగి కూర చేసుకునే దవ్వ అదే. నిజామాబాదులోనూ దుగ్గిరాలలోనూ సాగు చేసే పసుపు ఇంకో విడ్డూరం. దాని కణాల్లో క్రోమోజోముల జట్లు రెండు కాక మూడు. వాటిని సమంగా పంచుకోవడం కుదరక మొక్క పూసినా గింజ కట్టదు. రైతు దుంపలు దాచి నాటబట్టే ఈ పంట ఉంది. మనిషి మానేస్తే ఆగిపోతుంది.

భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో, ఏడాది పొడవునా ఉక్కపోసే ఊళ్లో చలి గది ఎందుకు? ఆర్కిడ్ గార్డెన్‌లోని కూల్ హౌస్ ముందు ఈ ప్రశ్న తోచాలి. లండన్ క్యూలో తాటిజాతి చెట్ల అద్దాల ఇంటికి వేడి ఎక్కిస్తారు. ఇక్కడ చల్లబరుస్తారు. ఉష్ణమండలంలో మొక్కల వైవిధ్యం ఎక్కువగా ఉన్నది మైదానాల్లోనే కాదు, మబ్బులు తాకే కొండల మీద కూడా. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. వెయ్యి, రెండు వేల మీటర్ల ఎత్తున పెరిగే ఆర్కిడ్లను, పురుగుల్ని పట్టి తినే కూజా మొక్కలను మైదానంలో బతికించాలంటే ఆ కొండగాలిని యంత్రంతో తయారుచేయాలి. దానికయ్యే కరెంటు ఎంతో అని లెక్కలు వేసుకోకుండా ఉండలేం.

ఎవల్యూషన్ గార్డెన్‌లో శిలాజ మానులు, సైకాడ్లు, ఫెర్న్‌లు వరసగా పెట్టి మొక్కల పరిణామం చూపిస్తారు. పిల్లలకు బాగుంటుంది. నాకు కొంచెం నాటకం సెట్టింగులా అనిపించింది. 2011లో తెరిచిన హీలింగ్ గార్డెన్ ఆలోచింపజేస్తుంది. అందులో నాలుగు వందలకు పైగా ఔషధ మొక్కలను శరీర భాగాల వారీగా, తలకు ఒకచోట, ఊపిరితిత్తులకు ఒకచోట పెట్టారు. చూడటానికి సులువు, కానీ ఈ అమరిక కొంత తప్పుదారి పట్టిస్తుంది. బిళ్లగన్నేరు సంగతే చూడండి. చాలా దేశాల్లో దాన్ని మధుమేహానికి నాటుమందుగా వాడేవారు. 1950లలో కెనడా పరిశోధకులు ఆ మాట పరీక్షించబోతే చక్కెర తగ్గలేదు, ఎలుకల్లో తెల్లరక్తకణాలు పడిపోయాయి. దాన్నుంచి వచ్చినవే రక్తకేన్సరుకు, ఇంకొన్ని కేన్సర్లకు వాడుతున్న విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్. ఆ రసాయనం విభజన చెందే ఏ కణాన్నయినా పట్టుకుంటుంది. శరీరంలో ఫలానా భాగానికి ఫలానా ఆకు అనే లెక్కలో అది ఇమడదు.

ఉత్తరపు కొసన, బుకిట్ తిమా గేటు దగ్గర పిల్లల తోట ఉంది. జేకబ్ బాలాస్ పేరు మీద 2007లో తెరిచి, తర్వాత నాలుగు హెక్టార్లకు పెంచారు. వెంట పిల్లలు లేని పెద్దవాళ్లను లోపలికి రానివ్వరు. చెట్టు ఇళ్లు, వేలాడే వంతెన, దారి తప్పించే పొదలు, నీళ్ల ఆట, చిన్న కాయగూరల మడి. ఇంతకు మించి పిల్లలకు ఉపన్యాసం లేదు, ఉండకపోవడమే మేలు. 1998లో వాండర్సీ, షుస్లర్ అనే ఇద్దరు అమెరికన్ విద్యావేత్తలు ఒక సంగతి గుర్తించారు. ఒకే దృశ్యంలో జంతువు, మొక్క రెండూ ఉంటే మనిషి కన్ను జంతువునే పట్టుకుంటుంది, మొక్క వెనక గోడలా కలిసిపోతుంది. దాన్ని మొక్కల విషయంలో గుడ్డితనం అన్నారు. కదలనివాటిని వదిలేసి కదిలేవాటి మీద చూపు నిలపడం మెదడుకు లాభం కాబట్టి ఇలా అయిందని వాళ్ల వాదన. పిల్లవాడు బెండకాయ తన చేత్తో తెంపితే, మడిలో మట్టి గోళ్లలో చేరితే, ఆ మొక్క వెనక గోడ కాకుండా పోతుంది. ఉపన్యాసం ఆ పని చేస్తుందని నేను చెప్పలేను.

సందర్శకులు మామూలుగా అడుగుపెట్టని భవనం ఇక ఒకటి మిగిలింది, హెర్బేరియం. ఏడు లక్షల యాభై వేలకు పైగా ఎండబెట్టిన మొక్కల నమూనాలు. ఒక్కొక్కటి మందపాటి కాగితానికి అతికించి, మూల ఒక చీటీ మీద ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో రాసి పెట్టారు. ఏనాటి చీటీ అయినా ఇప్పటికీ పని చేస్తుంది. ఒక జాతి అప్పట్లో ఏ నెలలో పూసేదో, ఏ లోయలో ఉండి ఇప్పుడు లేదో ఆ కాగితాలు చూసే చెబుతారు. 1942 నుంచి 1945 వరకు సింగపూరు జపాను చేతిలో ఉన్నప్పుడు, శత్రుదేశపు పౌరులైన హోల్టమ్, తోటలోనే పనిచేసే వృక్షశాస్త్రవేత్త ఎడ్రెడ్ కార్నర్ ఇద్దరూ జపాను శాస్త్రవేత్తల కింద ఇక్కడే పనిచేసి ఈ సేకరణను దోపిడీ నుంచి కాపాడారు. యుద్ధం ముగిశాక దాని గురించి ఇంగ్లండులో కార్నర్‌ను అనుమానించినవాళ్లూ ఉన్నారు.

నమూనా అంటే పువ్వో కాయో ఉన్న కొమ్మ కావాలి. వర్షారణ్యపు చెట్టు పువ్వు నేలకు ముప్పై నలభై మీటర్ల పైన ఉంటుంది. నరికితే చెట్టు పోతుంది, మనిషి ఎక్కితే మనిషి పోవచ్చు. మలయాలో కొబ్బరికాయలు దింపడానికి బెరోక్ అనే పొట్టితోక కోతులకు తర్ఫీదు ఇచ్చే అలవాటు ఉంది. కార్నర్ 1930లలో అలాంటి కోతుల్ని తెప్పించి, పొడుగాటి తాడు కట్టి, మలయ్ మాటల్లో ఎటు వెళ్లాలో ఏ కొమ్మ తెంపాలో చెబుతూ నమూనాలు కోయించాడు. 1992లో, తన ఎనభై ఆరో ఏట, ఆ కోతుల గురించే ఒక పుస్తకం అచ్చు వేయించాడు.